వాన వెలిశాక కెమెరా ఎక్కడ పెట్టాలి

వాన వెలిసిన పావుగంటకు పెరట్లోకి వెళ్ళి చేమాకునీ, దాని పక్కనున్న జామాకునీ చూడండి. రెండింటి మీదా పడ్డది ఒకే వాన. జామాకు మీద నీళ్ళు పలచగా పరుచుకుని, ఈనెల వెంట జారి, కొసన వేలాడుతుంటాయి. చేమాకు మీద మాత్రం తడే ఉండదు. నీళ్ళు బొట్లు బొట్లుగా విడిపోయి, ఆకుకి అంటీముట్టనట్టు నిలబడి, కాడ కదిలితే చాలు దొర్లిపోతుంటాయి. ఇంకాస్త వంగితే మరో తేడా కనబడుతుంది. ఆవగింజంత బొట్టు నిండు గుండ్రంగా ఉంటుంది. ఆకు మధ్య గుంటలో చేరిన నీళ్ళు ఉసిరికాయంత అయ్యేసరికి మాత్రం పైన చదునై పక్కలకు ఒరిగిపోతాయి.

ఈ తేడాకు ఒక కొలత ఉంది. నీటి ఉపరితలం తనను తాను వీలైనంత కుదించుకోవాలని చూస్తుంది. దాన్నే తలతన్యత అంటాం. గురుత్వాకర్షణ అదే నీటిని కిందికి లాగి పరిచెయ్యాలని చూస్తుంది. ఈ పోటీలో పైచెయ్యి ఎవరిదో తేలేది సుమారు 2.7 మిల్లీమీటర్ల దగ్గర. అంతకన్నా చిన్న బొట్టు దగ్గర బరువు మాట చెల్లదు, అంతకన్నా బాగా పెద్ద నీటిముద్ద దగ్గర తలతన్యత మాట చెల్లదు. మాక్రో లెన్సు పట్టుకుని వాన తరువాత బయల్దేరేవాళ్ళకు కావలసిన సరుకంతా ఈ హద్దుకు అటూ ఇటూనే దొరుకుతుంది. సాలెగూటి మీది బొట్టు, గోడ మీది నాచు కాడ, ఉసిరి ఆకు కొస, చీమ తల, అన్నీ ఆ కొలతలోవే. అందుకే ఈ ఫొటోగ్రఫీలో కెమెరా గురించి నేర్చుకున్నదానికంటే నీటి గురించి నేర్చుకున్నదే ఎక్కువ అక్కరకొస్తుందని నా నమ్మకం. ఎక్కడ వెతకాలో, ఎప్పుడు వెళ్ళాలో, తీసిన బొమ్మలో ఆ మెరుపు ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పేది అదే.

చినుకు ఆకారం గురించి ఒక మాట. బడిపిల్లల పుస్తకాల్లోనూ వాతావరణ వార్తల్లోనూ చినుకు పైన మొనదేలి, కింద ఉబ్బి ఉంటుంది. అలాంటి చినుకు ఆకాశం నుంచి ఎక్కడా పడదు. 2 మిల్లీమీటర్ల లోపు చినుకులు గోళాలే. అంతకన్నా పెద్దవాటి అడుగుభాగాన్ని ఎదురుగాలి నొక్కి చదును చేస్తుంది. 5, 6 మిల్లీమీటర్లు దాటితే గాలికి ఆగలేక పగిలిపోతాయి. ఆ మొనదేలిన ఆకారం కనబడేది ఆకు కొస నుంచి బొట్టు తెగిపడే క్షణంలోనే.

మళ్ళీ చేమాకు దగ్గరికి వద్దాం. తామరాకు మీద నీటిబొట్టు సంగతి మనవాళ్ళు ఎరగనిది కాదు గానీ, అది అలా ఎందుకు నిలబడుతుందో చూడటానికి స్కానింగ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు రావాల్సి వచ్చింది. జర్మనీలోని బాన్ విశ్వవిద్యాలయంలో విల్‌హెల్మ్ బార్ట్‌లాట్ అనే వృక్షశాస్త్రవేత్త వేరువేరు మొక్కల ఆకుల్ని ఆ మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తుండగా, కొన్ని జాతుల ఆకుల్ని ముందుగా శుభ్రం చేయాల్సిన పనే పడటం లేదని గమనించారు. వాటిలో తామరది మొదటి స్థానం. క్రిస్టఫ్ నైన్‌హూయిస్‌తో కలిసి ఆయన 1997లో 'ప్లాంటా' పత్రికలో ప్రచురించిన పరిశోధన దానికి కారణం చెప్పింది. తామరాకు పైపొర నిండా మిల్లీమీటరులో వందో వంతు పాటి బొడిపెలు ఉంటాయి. ఆ బొడిపెల మీద ఇంకా సన్నటి మైనపు నలకలు ఉంటాయి. మైనానికి ఎలాగూ నీరంటే పడదు. దానికి ఈ గరుకుదనం తోడయ్యేసరికి బొట్టు బొడిపెల కొసల మీద మాత్రమే ఆనుతుంది. కింద సందుల్లో గాలి చిక్కుకుని ఉంటుంది. బొట్టు అంచుకీ ఆకుకీ మధ్య కోణం 150 డిగ్రీలు దాటుతుంది. పట్టుకోవడానికి ఆధారం లేని బొట్టు దొర్లుతుంది, దొర్లుతూ దారిలోని దుమ్మును ఎత్తుకుపోతుంది. మన చేమాకు చేసేదీ ఇదే పని.

ఆ గాలిపొరను మీరు కంటితో చూడొచ్చు. కెమెరాను దాదాపు ఆకుతో సమానంగా కిందికి దించి బొట్టులోకి చూస్తే, బొట్టు అడుగున వెండి రేకు పరిచినట్టు మెరుపు కనబడుతుంది. నీటిలోంచి గాలిలోకి వెళ్ళబోయే కాంతి 48.6 డిగ్రీలకు మించి ఏటవాలుగా వస్తే బయటికి పోలేదు, మొత్తం వెనక్కి తిరుగుతుంది. సంపూర్ణాంతర పరావర్తనం అని పదో తరగతిలో బట్టీపట్టినది ఇదే. పైనుంచి నిలువుగా తీసిన ఫొటోలో ఈ వెండి రాదు. అందుకే చేమాకు దగ్గర మోకాళ్ళు తడవక తప్పదు.

గుండ్రంగా ఉన్న బొట్టు తప్పకుండా దొర్లుతుందనుకోవద్దు. గులాబీ రేకు మీద కూడా బొట్టు అంతే గుండ్రంగా నిలబడుతుంది, కానీ పువ్వును తలకిందులు చేసినా పడదు. రేకు మీద కూడా బొడిపెలున్నాయి, అయితే వాటి సందులు కాస్త పెద్దవి. నీరు వాటిలోకి కొంత దిగి పట్టు దొరకబుచ్చుకుంటుంది. 2008లో చైనా పరిశోధకులు ఈ తేడాను వివరించాక దీనికి గులాబీ రేకు ప్రభావమనే పేరు స్థిరపడింది. ఫొటో తీసేవాళ్ళకు దీనివల్ల ఒక సౌకర్యం ఉంది. గాలి వీస్తున్న రోజు తామరాకుల జోలికి పోకుండా గులాబీ దగ్గర కూర్చోవచ్చు. రేకు ఊగినా బొట్టు నిలుస్తుంది.

ఇక అందరూ ఇష్టపడే బొమ్మ: బొట్టులో పువ్వు. గుండ్రటి బొట్టు దానికదే ఒక కటకం. నీటి వక్రీభవన గుణకం 1.33. ఆ సంఖ్యతో లెక్క కడితే ముచ్చటైన ఫలితం వస్తుంది. నీటి గోళం నాభ్యంతరం, కేంద్రం నుంచి కొలిస్తే, దాని వ్యాసంతో సమానం. 3 మిల్లీమీటర్ల బొట్టు అయితే కేంద్రం నుంచి 3 మిల్లీమీటర్లు, అంటే బొట్టు అంచు దాటాక ఒకటిన్నర మిల్లీమీటరు.

గడ్డిపోచ కొసన అలాంటి బొట్టు వేలాడుతోందనీ, దాని వెనక 5 సెంటీమీటర్ల దూరంలో 3 సెంటీమీటర్ల చామంతి ఉందనీ అనుకుందాం. చామంతి తలకిందులై, సుమారు 2 మిల్లీమీటర్ల బొమ్మగా బొట్టులో కనబడుతుంది. పువ్వు బొట్టు లోపల ఉన్నట్టే అనిపిస్తుంది కాబట్టి చాలామంది బొట్టు మీదే ఫోకస్ చేస్తారు. గడ్డిపోచ స్పష్టంగా వస్తుంది, పువ్వు మసకబారుతుంది. ఎందుకంటే ఆ ప్రతిబింబం బొట్టు లోపల లేదు. బొట్టుకీ కెమెరాకీ మధ్య ఖాళీ గాలిలో, బొట్టు ముందు ఒకటిన్నర మిల్లీమీటరు పైచిలుకు దూరంలో ఏర్పడింది. ఫోకస్‌ను అక్కడికి, మన వైపుకు, లాక్కోవాలి. కెమెరాను ఒక వెంట్రుకవాసి వెనక్కి జరిపితే సరిపోతుంది. ఆటోఫోకస్‌కు ఆ ఖాళీ గాలి కనబడదు, చేతితోనే తిప్పుకోవాలి.

అయితే పువ్వూ, బొట్టు అంచూ రెండూ స్పష్టంగా కావాలంటేనే చిక్కు. పెద్ద సెన్సరు కెమెరాతో వస్తువును అసలు కొలతలో సెన్సరు మీదికి తెచ్చి, ఎపర్చర్ 8 దగ్గర పెడితే స్పష్టంగా వచ్చే మందం సుమారు ఒక మిల్లీమీటరు. కెమెరాకు కనబడే బొట్టు చుట్టంచు దాని కేంద్రం ఉన్న దూరంలోనే ఉంటుంది కాబట్టి, ఆ అంచుకూ పువ్వు బొమ్మకూ మధ్య ఉన్నది 3 మిల్లీమీటర్ల పైచిలుకు. ఎపర్చర్‌ను 16కి, 22కి మూసేస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. కానీ ఇంత దగ్గరలో లెన్సు సెన్సరు నుంచి దూరం జరుగుతుంది కాబట్టి 16 అని పెట్టింది నిజానికి 32గా పనిచేస్తుంది. అంత ఇరుకు సందులోంచి దూరిన కాంతి వివర్తనం వల్ల చెదిరి, ఒక్కో బిందువూ మిల్లీమీటరులో వందకు 4 వంతుల మచ్చగా మారుతుంది. అంతా ఫోకస్‌లో ఉన్నట్టే ఉండి ఏదీ స్ఫుటంగా ఉండదు. కాబట్టి ఎపర్చర్‌ను 8 దగ్గరే ఉంచి, ఫోకస్‌ను అర మిల్లీమీటరు చొప్పున జరుపుతూ వరసగా తీసి, తరువాత కంప్యూటరులో కలుపుకుంటారు. దాన్ని ఫోకస్ స్టాకింగ్ అంటారు. ఆ వరస పూర్తయ్యేదాకా గాలి ఆగాలి, బొట్టు ఆగాలి, చీమ రాకూడదు. ఫోన్‌కు క్లిప్ లెన్సు తగిలించుకున్నవాళ్ళకు ఈ బాధ తక్కువే. సెన్సరు చిన్నది కావడంతో స్పష్టంగా వచ్చే మందం ఎక్కువ. ఈ ఒక్క విషయంలో చవక సరంజామాదే గెలుపు.

బొట్టు కటకమే అయితే, మిట్టమధ్యాహ్నం నీళ్ళు పోస్తే ఆకులు కాలిపోతాయన్న మాట నిజమేనా? హంగరీలో గాబోర్ హోర్వాత్ బృందం దీన్ని ప్రయోగం చేసి చూసి 2010లో ప్రకటించింది. నున్నటి ఆకుల మీద గాజు గోళీలు పెట్టి ఎండలో ఉంచితే ఆకు కాలింది. నీటి బొట్లు పెడితే కాలలేదు. నున్నటి ఆకు మీద నీటి బొట్టు చదునుగా అతుక్కుంటుంది, కాంతి కూడే చోటు ఆకుకు దిగువన పడుతుంది. సాల్వినియా అనే నీటి ఫెర్న్ సంగతి మాత్రం వేరు. దాని ఆకు మీది నూగు బొట్టును పైకెత్తి పట్టుకుంటుంది, ఆ కాస్త ఎడంలో కాంతి కూడి ఆకును కాల్చగలదు. అంటే మన పెద్దల మాట అన్ని మొక్కలకూ వర్తించదు గానీ, నూగున్న ఆకుల విషయంలో పూర్తిగా కొట్టిపారెయ్యనూ లేం.

ఆ ఎడమే ఇంకో వింత కూడా చేస్తుంది. పొద్దున్నే ఎండ వీపున పడుతుండగా మంచు పట్టిన పొలం గట్టు మీద నిలబడి మీ నీడను చూసుకోండి. నీడలో మీ తల చుట్టూ గడ్డి తెల్లగా వెలుగుతుంటుంది. పక్కనున్నవాడి తల చుట్టూ ఏమీ ఉండదు. అతనికేమో తన తల చుట్టూనే కనబడుతుంది. గడ్డి నూగు మీద నిలిచిన బొట్లు ఎండను వెనకున్న ఆకు మీద కూర్చి, ఆ వెలుగును వచ్చిన దారినే తిప్పి పంపడం వల్ల వచ్చే కాంతి అది. 16వ శతాబ్దపు ఇటలీ శిల్పి బెన్వెనుటో చెల్లినీ అది తన గొప్పతనానికి దైవం వేసిన ముద్ర అనుకుని ఆత్మకథలో రాసుకున్నాడు. ఆయన పక్కవాణ్ణి అడిగి చూసినట్టు లేదు.

పొద్దుటి బొట్ల మాట వచ్చింది కాబట్టి: రాత్రి వాన పడి తెల్లారాక ఆకు మీద కనబడే నీరంతా వానదే కాదు. వరి మడిలోకి దిగి చూస్తే ఒక్కో ఆకు కొసన ఒక్కో బొట్టు, కొలిచి పెట్టినట్టు, ఉంటుంది. ఆకు మిగతా భాగం పొడిగా ఉన్నా సరే ఆ కొస బొట్టు ఉంటుంది. అది మొక్క లోపలి నుంచి వచ్చింది. నేల తడిసి, గాలిలో తేమ నిండి, రాత్రి పూట పత్రరంధ్రాలు మూసుకుని ఉన్నప్పుడు వేళ్ళు పీల్చిన నీరు ఆవిరిగా పోవడానికి దారి ఉండదు. వేరు ఒత్తిడి దాన్ని పైకి నెట్టి ఆకు అంచుల్లోని జలరంధ్రాల్లోంచి బయటికి తోస్తుంది. దీన్ని బిందుస్రావం అంటారు. ఫొటోలో ఏది ఏదో పోల్చుకోవడం కష్టం కాదు. వాన బొట్లు చిన్నా పెద్దా కలిసి, అడ్డదిడ్డంగా ఉంటాయి. మంచు ఆకంతా సన్నగా ఒకే తీరున పడుతుంది. బిందుస్రావం అంచుల్లోనో కొసనో వరసగా, సమదూరంలో ఉంటుంది. అందులో లవణాలు, చక్కెరలు ఉంటాయి కాబట్టి ఎండాక తెల్లటి మరక మిగులుతుంది, పురుగులు వచ్చి తాగుతాయి. ఆ తాగడంలోనే ఒక ప్రమాదం బయటపడింది. నియోనికోటినాయిడ్ మందు పట్టించిన విత్తనాల నుంచి మొలిచిన మొక్కజొన్న మొక్కల బిందుస్రావంలో తేనెటీగల్ని చంపేంత మందు ఉందని ఇటలీలోని పాడువా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2009లో చూపించారు. మొక్కజొన్న చేలో తెల్లవారుజామున బొట్టు తాగుతున్న తేనెటీగ ఫొటో ఎంత అందంగా వచ్చినా నాకు ఆ సంగతే గుర్తొస్తుంది.

సాలెగూళ్ళ దగ్గరికి వాన వెలిసిన వెంటనే వెళ్ళక్కర్లేదు. గట్టి వాన చాలా గూళ్ళను తెంపేస్తుంది. సన్నటి తుంపర తరువాతా, పొగమంచు రోజునా వెళ్ళాలి. దారం పొడవునా నీరు ఒకే మందాన అంటుకుని ఉండొచ్చు కదా, బొట్లుగా ఎందుకు విడిపోతుంది? అంతే నీరు సన్నటి గొట్టంగా ఉన్నప్పటికంటే బొట్లుగా ఉన్నప్పుడు దాని ఉపరితలం తక్కువ. తలతన్యత కోరుకునేది అదే. నీటి పూతలో ఎక్కడ చిన్న ఉబ్బు వచ్చినా అది పక్క నీటిని లాక్కుని పెరుగుతుంది. బొట్టుకీ బొట్టుకీ మధ్య దూరం నీటి పూత వ్యాసార్ధానికి సుమారు 9 రెట్లు ఉంటుంది. అందుకే ఆ వరసలో అంత తూకం. ఈ విడిపోవడాన్ని ప్రయోగాలతో వివరించి 1873లో పుస్తకంగా తెచ్చినవాడు బెల్జియం భౌతికశాస్త్రవేత్త జోసెఫ్ ప్లాటో. అప్పటికి ఆయన చూపు పోయి చాలా ఏళ్ళయింది. ఇంట్లోవాళ్ళూ సహాయకులూ చూసి చెబుతుంటే, ఆయన విని లెక్కలు కట్టాడు. తరువాత లార్డ్ రేలీ దానికి గణితం సమకూర్చాడు. 2010లో చైనా శాస్త్రవేత్తలు ఇంకో మెలిక కనిపెట్టారు. ఉలోబోరస్ అనే సాలీడు దారంలోని నూగు తడిసినప్పుడు ముడులు ముడులుగా చుట్టుకుంటుంది, ఆ ముడులు పక్కన పడ్డ చిన్న బొట్లను తమ వైపుకు నడిపించుకుంటాయి. గాలిలోంచి నీరు పట్టే వలలు నేయాలనుకునే ఇంజనీర్లకు ఆ దారం ఇప్పుడు నమూనా.

ఇక్కడే నా చిరాకు ఒకటి చెప్పుకోవాలి. బొట్లు లేని రోజున నీళ్ళలో గ్లిజరిన్ కలిపి గూటి మీద చల్లి ఫొటో తీసేవాళ్ళున్నారు. గ్లిజరిన్ బొట్టు త్వరగా ఆరదు, జారదు, నిజమే. కానీ అది ఆరకపోవడమే సాలీడుకు నష్టం. గూటి జిగురు పాడవుతుంది, సాలీడు మళ్ళీ అంతా నేసుకోవాలి. స్టూడియోలో కోసి పెట్టిన పువ్వు మీద ఎంత చల్లుకున్నా అభ్యంతరం లేదు. పురుగుల్ని ఫ్రిజ్‌లో పెట్టి మొద్దుబార్చి తీసే పద్ధతి అంతకన్నా అన్యాయం. తెల్లవారుజామున చలికి తూనీగలు వాటంతట అవే కదలకుండా, ఒళ్ళంతా మంచు బొట్లతో, గడ్డికి వేలాడుతుంటాయి. ఎండ తగిలి రెక్కల కండరాలు వేడెక్కేదాకా ఎగరలేవు. గంట ముందు లేస్తే పోయేదానికి ఫ్రిజ్ ఎందుకు?

తడిసిన గోడ, బెరడు, మట్టి ముదురుగా కనబడటం కూడా నీటి పొర పనే. ఉపరితలం నుంచి చెదిరి బయటికి రాబోయిన కాంతిలో కొంత నీటి పొర పైఅంచుకు తగిలి మళ్ళీ లోపలికే తిరుగుతుంది, మరోసారి పీల్చబడుతుంది. స్వీడన్ భౌతికశాస్త్రవేత్త ఆండర్స్ ఓంగ్‌స్ట్రోమ్ 1925లోనే ఈ వివరణ ఇచ్చాడు. ఆకుల మీద తెల్లటి తళుకు అడ్డొస్తుంటే పోలరైజర్ వాడొచ్చు. నీటి తలానికి నిలువు గీత నుంచి 53 డిగ్రీల దగ్గర అది బాగా పనిచేస్తుంది. అయితే సగానికి పైగా వెలుతురును అదే మింగేస్తుంది. మబ్బు పట్టిన సాయంత్రం నేనైతే దాన్ని సంచిలోనే ఉంచుతాను.

జూన్ మూడో వారం దాటి ఆరుద్ర కార్తె వచ్చాక మన చేలల్లో, ఇసుక నేలల్లో ఫొటోకు దొరికే అతిథి ఆరుద్ర పురుగు. నేల మీద ఎర్ర మఖమల్ గుడ్డ ముక్క నడుస్తున్నట్టు ఉంటుంది. పురుగు అంటాం గానీ కీటకం కాదు. సాలీళ్ళ, తేళ్ళ తరగతికి చెందిన నల్లి జాతి. కాళ్ళు లెక్కపెట్టండి, ఎనిమిది. ముందు జత కాళ్ళతో తడుముకుంటూ నడుస్తుంది. ముట్టుకుంటే కాళ్ళు ముడుచుకుని కదలకుండా పడుంటుంది. పిల్లలు అగ్గిపెట్టెలో వేసుకుని ఆడుకోవడానికి ఆ బెదురే కారణం. ఒంటి నిండా దట్టంగా ఉన్న నూగు వల్ల తడి నేల మీద దొర్లినా నీరు ఒంటికి అంటదు.

ఏడాదంతా ఇవి ఎక్కడుంటాయి? మట్టిలోనే. కాలిఫోర్నియా ఎడారిలో వీటి దగ్గరి బంధువు డైనోత్రాంబియం మీద టెవిస్, న్యూవెల్ అనే ఇద్దరు 1962లో ప్రచురించిన అధ్యయనం మంచి ఆధారం. అక్కడి నల్లులు ఏడాదిలో అతి కొద్ది గంటలు మాత్రమే, వాన తరువాత, బయటికొస్తాయి. ఆ వేళకే చెదపురుగుల రెక్కల దండు కూడా లేస్తుంది. నల్లులు వాటిని తిని, జతకట్టి, మళ్ళీ మట్టిలోకి దిగిపోతాయి. మన ఆరుద్ర పురుగూ, ఉసిళ్ళూ ఒకే వానకు బయటికి రావడం వెనక ఉన్న లెక్క కూడా ఈ తిండి లెక్కే. పిల్లదశ ఇంకా చిత్రం. పుట్టినప్పుడు కాళ్ళు ఆరే, అదీ పరాన్నజీవిగా. మిడత రెక్కల మొదట్లో ఎర్రటి చుక్కలు కనబడితే అవి మిడత రంగు అనుకోకండి. దగ్గరికి తీసి పెద్దవి చేసి చూస్తే ఈ జాతి నల్లుల పిల్లలు రక్తం పీలుస్తూ దొరుకుతాయి.

ఆరుద్ర పురుగు ఫొటోల్లో పదింట తొమ్మిది చెడిపోయేది ఆ ఎరుపు వల్లే. చుట్టూ ముదురు మట్టి ఉండటంతో కెమెరా వెలుతురు చాలదనుకుని పెంచేస్తుంది. సెన్సరులో ఎరుపు మార్గం నిండిపోయి, నూగంతా కలిసిపోయి, ఒకే ఎర్రటి మరక మిగులుతుంది. ఎక్స్‌పోజర్‌ను మూడింట రెండు వంతుల స్టాప్ తగ్గిస్తే ఒక్కో వెంట్రుకా విడివిడిగా వస్తుంది. మబ్బు నీడలో తీయాలి. ఎండెక్కితే అది ఎలాగూ ఉండదు.

ఉసిళ్ళను ఎగిరేటప్పుడు తీయడం గగనం. వీధి దీపం కింద రాలిన రెక్కలే నయం. నాలుగు రెక్కలూ దాదాపు ఒకే పొడవు, మొదట్లో ఉన్న సన్నటి గీత దగ్గర పుటుక్కున ఊడతాయి. ఉసిళ్ళను ఏరి, వేయించి, బొరుగుల్లో కలుపుకు తినే ఊళ్ళలో ఆ రెక్కల్ని చేటలో చెరిగి పారేస్తారు. అలా పారేసిన రెక్క ఒకటి తీసుకుని దాని మీద నీటి చుక్క వేసి చూడండి. పలచటి రెక్క, దాని మీద గుండ్రటి బొట్టు! ఆస్ట్రేలియాలో వాట్సన్, క్రిబ్ బృందం 2010లో ఈ రెక్కల్ని పరిశీలించి రెండు అంచెల రక్షణ ఉందని చూపింది. పెద్ద బొట్లను గాడులున్న వెంట్రుకలు ఆపుతాయి. వాటి సందుల్లోకి దూరే తుంపరను నక్షత్రాకారంలో ఉండే సూక్ష్మమైన ముళ్ళు ఆపుతాయి. వానలో ఎగరాల్సిన పురుగుకు, అందులోనూ బలంగా ఎగరలేని పురుగుకు, రెక్క తడిసి నేలకు అతుక్కుపోతే అంతే సంగతులు.

మట్టివాసన కెమెరాకు అందదు గానీ దాన్ని పట్టుకుని వచ్చే జీవిని తీయొచ్చు. తొలకరి వాసనకు 1964లో 'పెట్రికోర్' అని పేరు పెట్టినవాళ్ళు ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ఇసబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్. అందులో ముఖ్యమైన జియోస్మిన్‌ను మట్టిలోని స్ట్రెప్టోమైసిస్ బ్యాక్టీరియా తయారుచేస్తాయి. నీటిలో లక్ష కోట్లలో కొద్ది భాగాలున్నా మన ముక్కు పసిగడుతుంది. బ్యాక్టీరియాకు ఈ అత్తరు దేనికని చాలాకాలం తెలియలేదు. 2020లో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం స్ప్రింగ్‌టెయిల్ అనే మిల్లీమీటరు పాటి ఆరుకాళ్ళ జీవులు ఆ వాసనకు వచ్చి, బ్యాక్టీరియాను తిని, దాని సిద్ధబీజాల్ని ఒంటికి అంటించుకుని, కడుపులో పెట్టుకుని ఇంకోచోటికి చేరవేస్తాయి. తడి ఆకుల కుప్పను మెల్లగా తిరగేస్తే బూడిద, తెలుపు, ఊదా రంగుల్లో గెంతుతూ కనబడతాయి. కర్రతో తిరగేయండి, చేత్తో కాదు. వానాకాలంలో తేలుకూ అదే ఇల్లు.

వాన పడుతుండగా తీసే బొమ్మల్లో నన్ను ఎక్కువగా లాగేది చినుకు పడ్డప్పుడు లేచే తుళ్ళు. ఇంగ్లండులో ఆర్థర్ వర్తింగ్‌టన్ 1870లలో చీకటి గదిలో చుక్కలు వేసి, ఒక్క విద్యుత్ మెరుపులో చూసి, కంటిలో నిలిచిన రూపాన్ని కాగితం మీద గీసేవాడు. ఆ బొమ్మల్లో కిరీటంలా లేచే తుళ్ళు ప్రతిసారీ నిఖార్సయిన సౌష్ఠవంతో ఉండేది. 1894 నాటికి ఫొటోలు తీయగలిగాక చూస్తే, అసలు తుళ్ళుల్లో ఒక వైపు పొడుగు, ఒక వైపు పొట్టి, విరిగిన అంచులు. ఇన్నేళ్ళూ తన కన్ను సరిదిద్ది చూపిందని ఆయనే ఒప్పుకున్నాడు.

ఆ తుళ్ళు మీదే బతికే శిలీంధ్రం ఒకటుంది. పాత కొబ్బరి పీచు, కుళ్ళిన కట్టె, ఎండిన పేడ మీద వానాకాలంలో సెంటీమీటరు కూడా లేని గిన్నెలు మొలుస్తాయి. గిన్నెలో పప్పుగింజల్లాంటి నాలుగైదు బిళ్ళలు ఉంటాయి. పక్షిగూడు శిలీంధ్రమనే పేరు అందుకే. సిద్ధబీజాలు ఆ బిళ్ళల్లో ఉంటాయి. దశాబ్దాలపాటు వీటి మీదే పనిచేసిన కెనడా శాస్త్రవేత్త హెరాల్డ్ బ్రోడీ 1951లో గుట్టు చెప్పాడు. గిన్నెలో నేరుగా పడ్డ చినుకు గోడల వెంట పైకి చిమ్మి, బిళ్ళను మీటరు దూరం దాకా విసురుతుంది. సయాథస్ ప్రజాతి బిళ్ళకు ఒక పోగు కూడా ఉంటుంది. ఎగురుతూ ఆ పోగు విచ్చుకుంటుంది, జిగురున్న కొస గడ్డిపోచకు తగిలి చుట్టుకుంటుంది. ఆ గడ్డిని పశువు తింటుంది, బిళ్ళ పేడలో బయటపడుతుంది, అక్కడ మళ్ళీ గిన్నె మొలుస్తుంది.

ఈ విసురును తీయడానికి వాన కోసం కాచుకోనక్కర్లేదు. చెట్టు కింద గిన్నెలుంటే వాన వెలిశాక కూడా కొమ్మల నుంచి పెద్ద పెద్ద బొట్లు రాలుతూనే ఉంటాయి. బిళ్ళ సెకనుకు 2 మీటర్ల వేగంతో లేచినా, షట్టర్ సెకనులో వెయ్యో వంతు తెరిచి ఉంచితే 2 మిల్లీమీటర్లు జరిగిపోతుంది, అంటే తన కొలతంత. ఫ్లాష్‌ను బాగా తగ్గించి, సెకనులో 20 వేల వంతు మెరుపుతో తీస్తే మిల్లీమీటరులో పదో వంతుకు ఆగుతుంది. మందు చుక్కలేసే డ్రాపర్‌తో ఇంట్లోనూ ప్రయత్నించొచ్చు. దాని చుక్క నాలుగున్నర మిల్లీమీటర్లు, పెద్ద చినుకంతే. కాకపోతే మీటరు ఎత్తు నుంచి వేస్తే సెకనుకు 4.4 మీటర్ల వేగమే వస్తుంది. నిజం చినుకుది సుమారు 9 మీటర్లు. వేగం సగమైతే శక్తి నాలుగో వంతు, బిళ్ళ గిన్నె అంచు దాటడమే కష్టం. మేడ మీంచి వేస్తే వేగం చాలావరకు సరిపోతుంది. అప్పుడిక అంత ఎత్తు నుంచి సెంటీమీటరు కూడా లేని గిన్నెలోకి గురిచూసి చుక్క వేయగల మనిషిని వెతుక్కోవాలి.